మేవిస్ వదిలివెళ్ళిన తగాదా

వెండెల్ కూబిక్ ఇంటి ముందున్న పచ్చిక అతనిది. వెనకున్నది అతని భార్య మేవిస్‌ది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మొత్తం పచ్చిక మీదా పోట్లాడుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళు అలా గడిచాక ఓపికలు తగ్గి, ఇల్లే సరిహద్దు అనుకుని పంచుకున్నారు. పంచుకున్నాక పోట్లాటలు తగ్గాయనుకుంటే పొరపాటే. అవతలివాళ్ళ భాగంలో తప్పులు వెతికే హక్కుని ఇద్దరూ వదులుకోలేదు.

ముందు వైపు వెండెల్ ఏడాదికి నాలుగు రకాల మందు చల్లేవాడు. కలుపు గింజ మొలవకుండా ఒకటి, మొలిచింది చావడానికి ఒకటి, పురుక్కి ఒకటి, చలికాలం ముందు గడ్డికి బలమని ఒకటి. గడ్డి కోసే మిషన్‌ని రెండంగుళాలకి దింపి వారానికి రెండుసార్లు కోసేవాడు, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. గీత దాటడం ఒంట్లో లేదు.

వెనక వైపు మేవిస్ ఒక్క మందు బస్తా విప్పిన పాపాన పోలేదు. ఆమె పొలంలో పుట్టి పెరిగిన మనిషి. మిషన్ చక్రాలు అన్నిటికన్నా పై గాడిలో పెట్టి గడ్డిని నాలుగంగుళాల ఎత్తున ఉంచేది. కోసిన గడ్డిని ఎత్తకుండా అక్కడే వదిలేది. అక్టోబరులో రాలిన మేపుల్ ఆకుల్ని మిషన్‌తోనే తునకలు చేసి నేలలో కలిపేసేది. వంటింటి తొక్కలూ కాఫీ పిప్పీ కుళ్ళబెట్టి, జల్లెడ పట్టి, ఏడాదికోసారి గుప్పిళ్ళతో చల్లేది. పసుప్పచ్చ పూల కలుపు, డాండెలియన్లను, మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో సహా పీకేది.

"నువ్వు గడ్డికి పెడతావు, నేను మట్టికి పెడతాను. ఎవరి సంసారం నిలబడుతుందో ఆగస్టులో చూద్దాం" అనేది.

ఆగస్టులో వాన మొహం చాటేస్తే వెండెల్ గడ్డి గోధుమరంగుకి తిరిగేది. ఆమెది పచ్చగానే ఉండేది. అది నీడ వల్ల అని అతను వాదించేవాడు. నిజానికి వెనక వైపు ఒక్క చెట్టు కూడా లేదు. రాలిన ఆకులన్నీ పక్కింటి చెట్టువి.

ఇవన్నీ అతను ఎలాగో భరించేవాడు. భరించలేనిది ఆమె గడ్డిలో పెరగనిచ్చే క్లోవర్. మూడేసి గుండ్రటి ఆకులు, జూన్‌లో తెల్లటి పూలు. గాలిలోంచి నత్రజని తీసి నేలకి ఊరికే ఇచ్చే మొక్కని కలుపంటావేమిటని ఆమె. లాన్‌లో గడ్డి తప్ప ఏది మొలిచినా కలుపేనని అతను. అది సరిహద్దులెరగదు కదా, ఎండాకాలంలో ఒకటో రెండో మొక్కలు ఇంటిని చుట్టి ముందుకొచ్చేవి. అప్పుడు వీధంతా వినపడేలా "మేవిస్!" అని ఒక కేక. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చేది. అరగంట కాలక్షేపం.

ఒక అక్టోబరులో మేవిస్‌కి క్యాన్సరని తేలింది. జనవరికల్లా మంచం ముందు గదిలో కిటికీ పక్కకి వచ్చింది. మార్చి మొదటి వారంలో ఒకరోజు, మంచు కరిగి వెలిసిన రంగులో తేలిన ముందు పచ్చికని చూస్తూ ఆమె అంది:

"వెండెల్, ఒకటడుగుతాను. కాదనకు."

"అడుగు."

"ఈ వసంతంలో ముందు గడ్డి మీద ఏమీ చల్లకు. ఒక్క ఏడాది. దాని మానాన దాన్ని వదిలెయ్."

"సరే."

"ఊరికే సరే అనకు. నీ చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు."

"సరే అన్నాను కదా మేవిస్. పాలు తాగు."

పదకొండు రోజులకి ఆమె పోయింది.

చర్చి ఆడవాళ్ళు రెండు వారాలపాటు గాజు పాత్రల్లో వంటలు తెచ్చారు. ప్రతి పాత్ర అడుగునా ఎవరిదో పేరు అంటించి ఉండేది. వెండెల్ వాటిని తోమి, తుడిచి, ఒక్కొక్కటే తిరిగి ఇచ్చొచ్చాడు. ఆఖరి పాత్ర ఇచ్చేశాక ఆ ఇంటి తలుపు కొట్టడానికి ఎవరికీ పని లేకపోయింది. పిల్లలు లేరు. అతను వంటింటి సింకు దగ్గరే నిలబడి తినేవాడు. కూర్చుంటే ఎదురుగా కుర్చీ ఉంది, అదీ బాధ. రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడని రోజులుండేవి. ఒకసారి టపా మనిషికి "థాంక్స్" చెప్పబోతే గొంతు పట్టేసి ఉందని తెలిసింది.

ఏప్రిల్ మధ్యలో గరాజు మూల ఫోర్సిథియా పొద పసుప్పచ్చగా విరగబూసింది. ఆ వీధిలో దానికి ఒకటే అర్థం. షెడ్లలోంచి మందు చల్లే బళ్ళు బయటికొస్తాయి. పక్కింటి డెల్బర్ట్ అప్పటికే తన బండి తోస్తూ కంచె దగ్గర ఆగాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే బస్సు షెడ్డులో పనిచేసినవాళ్ళు.

"ఏరా వెండెల్, పొద పూసింది, కళ్ళు కనపడ్డం లేదా? నీ బండికి తుప్పు పట్టిందా, నీకు పట్టిందా?"

"ఈ ఏడు మందుల్లేవురా."

"నీకా? బీరు మానేశానని చెప్పు, నమ్ముతాను."

"మేవిస్ వద్దంది."

డెల్బర్ట్ టోపీ తీసి, లోపల ఏదో ఉన్నట్టు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "సరేలేరా" అని బండి తోసుకుపోయాడు. ఆమె పేరు వినపడితే చాలు, ఆ వీధిలో అందరికీ ఏదో పని గుర్తొచ్చేది.

వెండెల్ నాలుగు రోజులు ఆగాడు. కిటికీలోంచి చూడ్డం, షెడ్డు దాకా వెళ్ళడం, రావడం. ఏ పనీ లేని మనిషికి చేతులు పెద్ద బరువు. అయిదో రోజు మేవిస్ బుట్టలోంచి ఆమె దాచుకున్న కాగితాలు తీశాడు. అందులో ఒకదాని మీద మొక్కజొన్న పిండి గురించి ఉంది. మొక్కజొన్నలోంచి గంజిపిండి తీసేశాక మిల్లులో మిగిలే పదార్థమట. గుళికలుగా చేసి చల్లితే నేలలో ఉన్న కలుపు గింజ మొలకెత్తుతుంది గాని వేరు పెట్టదు, ఎండి చస్తుంది. విషం కాదు. కోళ్ళు కూడా తింటాయి. పక్కన మేవిస్ పెన్సిల్‌తో "మంచిది" అని రాసుకుంది.

ఆమె ఏమీ చల్లకు అంది. ఆ మాట అతనికి స్పష్టంగానే గుర్తుంది. కానీ మనసుకి నచ్చజెప్పుకోవడం ఎంతసేపు. ఆవిడ భయం మందుల గురించి, ఇది మందు కాదు, ఆవిడ పద్ధతే, ఆవిడ చేతిరాతతో ఉన్నదే. ముప్ఫై ఏళ్ళు కాదన్నదాన్ని ఇప్పుడు చేసి చూపిస్తే ఎక్కడున్నా సంతోషిస్తుంది. ఇలా అనుకుని, పాత మందు బస్తాలన్నీ ఊరి చెత్త కేంద్రంలో ఇచ్చేసి, రైతుల సహకార దుకాణానికి వెళ్ళాడు. కౌంటర్లో ఎప్పుడూ ఉండే రోండా ఆ రోజు లేదు. నాలుగు బస్తాలు తెచ్చుకున్నాడు.

చల్లడం మాత్రం కళ్ళకద్దుకునేలా చేశాడు. సగం నిలువుగా, సగం అడ్డంగా. మెట్ల పక్కన, కాలిబాట అంచున బండి పోని చోట పాత కాఫీ డబ్బాతో, మోకాళ్ళ మీద, చేత్తో చల్లాడు. ఒక్క జానెడు వదల్లేదు. వాకిలంతా పశువుల దాణా వాసన. కాగితంలో చెప్పినట్టే ఒకసారి తడిపి, తరవాత ఎండనిచ్చాడు. అదృష్టమో ఏమో, పది రోజులు చినుకు పడలేదు. ఆ పది రోజులూ ఆకాశానికి దండం పెట్టుకున్నాడు. ఆమె పోయాక మొదటిసారి కుర్చీలో కూర్చుని భోంచేశాడు, ఎదుటి కుర్చీ కేసి చూస్తూ. "చూశావుగా, మాట విన్నాను" అన్నాడు.

మే నెల రెండో వారంలో మిషన్‌కి కొత్త బ్లేడు కావాలని మళ్ళీ దుకాణానికి వెళ్ళాడు. రోండా కౌంటర్లోనే ఉంది. అతన్ని చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"రండి వెండెల్ గారూ! ఏం, తిట్టుకుంటున్నారా ఆవిణ్ణి?"

"ఎవర్నమ్మా?"

"మేవిస్ గార్ని. ఇంకా చూడలేదా ముందు గడ్డి? ఈపాటికి వచ్చేసి ఉండాలే."

"ఏం రావాలి?"

"అయ్యో, నేనే బయటపెట్టేశానా! సరే, ఇంక దాచడమెందుకు. క్లోవరండీ. ఫిబ్రవరి ఆఖర్లో ఫోన్ చేసి రెండు పౌన్ల గింజ తెమ్మంది. మీరు తన జబ్బుకి మందులు తేవడానికి పోయే టైము చూసి రమ్మంది, దొంగసారా తెచ్చినట్టు తెచ్చిచ్చాను. నేల గడ్డకట్టి ఉన్నప్పుడే చల్లాలట. రాత్రి బిగిసి పగలు కరుగుతుంటే ఆ పగుళ్ళలోకి గింజ తనంత తనే దిగుతుందట. వాళ్ళ నాన్న అలాగే చల్లేవాడట."

వెండెల్‌కి ఆ రోజు గుర్తొచ్చింది. మందులు తీసుకుని వచ్చేసరికి వాకిట్లో ఆమె బూట్లు తడిగా ఉన్నాయి. ఈ చలిలో బయటికెందుకు పోయావని గట్టిగా కేకలేశాడు. ఊరికే, గాలికి, అందామె. మంచం మీద పడుకుని రొప్పుతూ కూడా ఎందుకో నవ్వుకుంది.

"నా వైపు ఎందుకు చల్లింది?" అన్నాడు.

"నేనూ అదే అడిగాను. ఎందుకండీ, ఆయన గొల్లుమంటారు అన్నాను. అననీ అంది." రోండా నవ్వు కొంచెం తగ్గింది. "'నేను పోతే ఆ మనిషి నోరు మూతపడిపోతుంది రోండా. ఏడ్చినా ఒక్కడే ఏడుస్తాడు, ఎవరికీ చెప్పడు. కోపం వస్తే మాత్రం నాతోనే మాట్లాడతాడు' అంది."

వెండెల్ బ్లేడుని కౌంటర్ మీద పెట్టాడు. "మొక్కజొన్న పిండి చల్లానమ్మా."

"ఎప్పుడు?"

"పొద పూసినప్పుడు."

"చల్లి... ఎండనిచ్చారా?"

"కాగితంలో రాసినట్టే."

రోండా ఏదో అనబోయింది. అతను అప్పటికే తలుపు దగ్గరున్నాడు. బ్లేడు అక్కడే ఉండిపోయింది.

ఇంటికొచ్చి, చేపల గాలానికి దారం ఎక్కించుకునే భూతద్దం తీసుకుని ముందు మెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గడ్డి పోచల్ని వేళ్ళతో పాయలు తీసి చూశాడు. మొదటి చోటే కనిపించింది. రెండు చిట్టి ఆకులు, ముడుచుకుపోయి, తవిటి రంగులో. కింద దారమంత కాడ. దాని కింద ఏమీ లేదు. ఊదితే ఎగిరిపోయింది. పక్కనే ఇంకొకటి. ఇంకో అయిదు. ఇంకో యాభై.

ఆమె గింజలన్నీ మొలిచాయి. మొలిచి, కాలూనడానికి చోటు లేక చచ్చిపోయాయి.

సాయంత్రం దాకా వెతికాడు. మెట్టు దగ్గర దట్టంగా ఉన్నాయి, దూరం పోయేకొద్దీ పలచబడ్డాయి. కుడి పక్క ఎక్కువ. టేపు తెచ్చి కొలిచాడు. అన్నిటికన్నా దూరంగా పడ్డది తొమ్మిదడుగులు. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని కింది మెట్టు మీద నిలబడి, శక్తి లేని కుడి చేత్తో విసిరితే ఎంత దూరం పోతుందో అంత దూరం. కాలిబాట దాకా పోవాలనే ఆమె ప్రయత్నించి ఉంటుంది. తొమ్మిదడుగుల దగ్గర చెయ్యి అలిసిపోయింది.

అతను టేపు చుట్టడం కూడా మర్చిపోయి అక్కడే కూర్చున్నాడు. ఆమె అడిగింది ఒక్కటి. ఏమీ చెయ్యకు అని. ప్రపంచంలో అంతకన్నా తేలికైన పని లేదు, అది తన చేత కాలేదు. తన కోసం ఆమె ఆఖరి ఓపికతో ఒక తగాదా నాటి పోయింది. ఆమె కోసమే అనుకుంటూ తను దాన్ని ఒక్క జానెడు వదలకుండా చంపేశాడు. అప్పటిదాకా ఆమె పోయిందనే బాధ ఒక్కటే. ఇప్పుడు ఆమె మళ్ళీ పోయింది, ఈసారి తన చేతుల్లో.

బతికినవేమైనా ఉంటాయేమోనని రెండు వారాలు పొద్దున్నే నీళ్ళు పెట్టాడు. ఒక్కటి కూడా లేవలేదు.

ఆ వేసవి వెండెల్ పచ్చిక ఎన్నడూ లేనంత అందంగా వచ్చింది. మొక్కజొన్న పిండిలో నత్రజని కూడా ఉంటుంది కదా, గడ్డి ముదురాకుపచ్చగా, ఒత్తుగా పెరిగింది. కలుపన్నది కలికానికి కూడా లేదు. నడిచిపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఒకావిడ కారు ఆపి ఫొటో తీసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా అతను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇప్పుడు ముందు కిటికీకి తెర వేసేశాడు.

"ఒరే, మందుల్లేకుండా ఇదెలా సాధించావురా? నాకూ చెప్పు, నీ సొమ్మేం పోతుంది?" అన్నాడు డెల్బర్ట్ కంచె మీద మోచేతులాన్చి.

"అవివేకంతో."

"అది నా దగ్గరా దండిగానే ఉందిగా" అని డెల్బర్ట్ నవ్వాడు. వెండెల్ నవ్వకపోయేసరికి మోచేతులు తీసేశాడు.

జూలైలో రోండా తనే వచ్చింది, మర్చిపోయిన బ్లేడు పట్టుకుని. లోపలికి రానంది. మెట్టు మీద కూర్చుంది.

"ఆ రోజు చెప్పనివ్వకుండా వెళ్ళిపోయారు. క్లోవర్ గింజల్లో కొన్ని మొండివి ఉంటాయండీ. పెంకు గట్టిగా ఉంటుంది. మొదటేడు నీళ్ళు పీల్చవు, మొలవవు, అలా పడుంటాయి. వాటిని మీ పిండి ఏమీ చెయ్యలేదు. వందకి పదో పదిహేనో. రెండో ఏడో, మూడో ఏడో, బుద్ధి పుట్టినప్పుడు లేస్తాయి."

"లేస్తాయా?"

"మాటివ్వలేను. లేస్తే లేస్తాయి. పోనీ, అదే గింజ ఇంకో రెండు పౌన్లు ఇస్తాను, చల్లుకోండి. ఆగస్టులో చల్లితే శుభ్రంగా వస్తుంది."

వెండెల్ తల అడ్డంగా ఊపాడు. "అవి నా గింజలవుతాయమ్మా. నా మీద నేనేం కేకలేసుకుంటాను?"

రోండా బ్లేడుని మెట్టుకి ఆనించి పెట్టింది.

"అయితే నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

"ఏమీ చెయ్యకండి."

ఆ మాట రెండోసారి ఇంకొకరి నోట వినాల్సి వచ్చినందుకు అతనికి సిగ్గేసింది.

మంచు పడింది, కరిగింది. వెండెల్ చలికాలమంతా టీవీ పెట్టుకుని, అది చూడకుండా గడిపాడు. ఏప్రిల్లో ఫోర్సిథియా పూయడానికి వారం ముందే తన మందు చల్లే బండి తోసుకెళ్ళి డెల్బర్ట్ వాకిట్లో ఆపాడు.

"ఇది నీ దగ్గరుంచుకో. నేను అడిగినా ఇవ్వకు."

"తాగుబోతు సీసా దాచమన్నట్టుందిరా."

"అంతే."

పొద పూసింది. వీధిలో బళ్ళన్నీ తిరిగాయి. వెండెల్ మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. డాండెలియన్లు వచ్చాయి, పీకలేదు. వేరుతో పాటు ఇంకేం లేస్తుందోనని భయం. వెడల్పాటి కలుపు గడ్డి వచ్చింది, ముట్టుకోలేదు. మిషన్ పై గాడిలో పెట్టి, అదీ మూడు వారాలకోసారి, మెట్టు చుట్టూ పన్నెండడుగులు వదిలేసి కోశాడు. కిందటేడు ఫొటో తీసుకున్నావిడ ఈసారి కారు ఆపలేదు. వీధి చివర కొత్తగా వచ్చినవాళ్ళు, పాపం ముసలాయనకి చేతకావడం లేదు, మేం కోసిపెట్టమంటారా అని అడిగారు. అక్కర్లేదన్నాడు. ఆ ఒక్క ముక్కా తప్ప ఆ వారం ఎవరితోనూ మాట్లాడలేదు.

మే గడిచింది. జూన్ సగమైంది. రోజూ పొద్దున కాఫీ తాగి, భూతద్దం జేబులో వేసుకుని, మెట్టు దిగి, వంగి చూసి, వెనక్కి రావడం. మొండివి కూడా చచ్చి ఉంటాయని అనుకోవడం మొదలుపెట్టాడు. అయినా చూడ్డం మానలేదు, చూడ్డానికి ఇంకేం లేదు గనక.

జూన్ పద్ధెనిమిదో తేదీ పొద్దున భూతద్దం అక్కర్లేకపోయింది. మెట్టుకి ఏడడుగుల దూరంలో, కొంచెం కుడి పక్కకి, గడ్డిలోంచి మూడు గుండ్రటి ఆకులు. ఒక్కో ఆకు మీదా తెల్లటి అర్ధచంద్రం గీత. పక్కనే ఇంకో మూడాకులు. కొంచెం అవతల, తొమ్మిదడుగుల దగ్గర, ఇంకొక్కటి.

వెండెల్ మోకాళ్ళ మీద కూలబడి, ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. తరవాత కమ్మీ పట్టుకుని లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"మేవిస్!"

సరిగా రాలేదు. మళ్ళీ పిలిచాడు. ఈసారి వీధంతా వినపడింది. డెల్బర్ట్ తలుపు తెరుచుకుని బయటికొచ్చి, చూసి, అక్కడే నిలబడ్డాడు.

"ఇటు రా! వచ్చి చూడు ఏం చేశావో! ఇది నా వైపా, కాదా? ముందు నాది, వెనక నీది అని చెప్పుకున్నామా, లేదా? దొంగతనంగా, జబ్బు ఒంటితో, చలిలో, ఆ బూట్లేసుకుని... బుద్ధుందా నీకు?"

ఆగాడు. ఇక్కడ ఆమె వంతు.

ఆమె జవాబు తనకి తెలుసుననుకున్నాడు. నలభై ఆరేళ్ళు విన్నాడు కదా, ఆమె వంతు కూడా తనే చెప్పేసుకుని ముందుకి పోవచ్చుననుకున్నాడు. తీరా చూస్తే ఏమీ తట్టలేదు. ఆ నలభై ఆరేళ్ళలో ఆవిడ ఒక్కసారైనా అతను ఊహించిన జవాబు చెప్పిన మనిషి కాదు. అందుకే మళ్ళీ మళ్ళీ కేకలేసేవాడు, ఏమంటుందో విందామని.

తనది చెప్పడమైపోయింది. ఇంటి మూల కేసి, ఆమె ఎప్పుడూ చేతులు తుడుచుకుంటూ వచ్చే వైపు తిరిగి, వెండెల్ అలాగే నిలబడ్డాడు, ఆమె ఏదో ఒకటి అనేదాకా కదలనన్నట్టు.